పదహారు రిమ్ముకు పదిహేను టైరు

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పీట లాక్కోండి, కాళ్లు చాపుకున్నా నేనేమీ అనుకోను. నేను చదివింది నాలుగో తరగతి, ఎక్కడైనా మాట తడబడితే మీరే సర్దుకోవాలి. కానీ ఆ నాలుగు రోజుల్లో జరిగింది మాత్రం పూస గుచ్చినట్టు చెప్పగలను. ఎందుకంటే అందులో తప్పు చేసింది నేనే. తప్పు చేసినవాళ్లకు గుర్తున్నంత బాగా పక్కన నిలబడి చూసినవాళ్లకు గుర్తుండదు.

మాది మేళ్లచెరువు పక్కన. ఇంటి వెనక సున్నపురాయి గనులు, ఇంటి ముందు సిమెంటు లారీలు. మా దగ్గర వేపాకు కూడా తెల్లగానే పుడుతుందని మా అత్త అంటుండేది. మా ఆయన లారీ డ్రైవరు. లోడెక్కితే పది రోజులో, పన్నెండు రోజులో. వస్తే రెండు రోజులు నిద్ర, మూడో రోజు మళ్లీ లోడు. ఒకసారి మా చిన్నది, అప్పుడు దానికి మూడేళ్లు, ఆయన్ను వాకిట్లో చూసి "అమ్మా, ఎవరో డ్రైవరు వచ్చిండు" అన్నది. అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు. నవ్వి, అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

ఆ తర్వాతే ఒక పాత ఫోర్ వీల్ జీపు కొన్నాడు. ముందు చక్రాలు, వెనక చక్రాలు నాలుగూ కలిసి లాగే రకం. డ్రిల్లింగ్ పనివాళ్లను పొద్దున గనిలోకి దింపి, సాయంత్రం పైకి తేవడానికి అట్లాంటి జీపే కిరాయికి కావాలని గని ఆఫీసరు ఒకాయన చెప్పి ఉన్నాడు. ఆ పని దొరికితే మా ఆయన రోజూ దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉంటాడు. నాకు కావలసింది అంతే. నగలు అడగలేదు, చీరలు అడగలేదు. మనిషిని అడిగాను.

గురువారం నాడు జీపు చూపించడానికి పోతే ఆఫీసరు టైరును అరచేత్తో రుద్ది చూశాడట.

"ఇది టైరా, నున్నటి బోడిగుండా? దీంతోని గనిల దిగితే పైకి రావు. సోమవారం పొద్దున మంచి టైర్లతోని రా. ఎనిమిది మందిని ఎక్కించుకొని ఆ వాలు దిగి, ఎక్కి చూపించు. లేకుంటే ఇంకో జీపాయన తయారుగ ఉన్నడు" అన్నాడట.

అటు లారీ ఓనరు మంగళవారానికి లోడు చెప్పి పెట్టాడు. అంటే సోమవారం జీపు వాలు ఎక్కాలి, లేదా మంగళవారం మా ఆయన లారీ ఎక్కాలి.

శుక్రవారం కోదాడ దాకా ఆటోలో, అక్కడి నుంచి సూర్యాపేటకు బస్సులో బయలుదేరాం. నన్నెందుకు వెంట తీసుకుపోయాడంటే, ఏ దుకాణంలోనైనా మొదటి మాటకే తల ఊపే అలవాటు ఆయనది. "నువ్వు పక్కన నిలబడు, నేను తల ఊపబోతే గిచ్చు" అన్నాడు.

బస్సులో కూర్చుని "మన రిమ్ము పదహారు, టైరు పదహారు" అని, అంటే టైరు కూర్చునే ఇనుప చక్రం పదహారు అంగుళాలని, పంక్చర్ షాపతను చెప్పిన మాటను వల్లె వేస్తున్నాడు. అదిగో, అక్కడే నాలోని మా నాన్న బిడ్డ లేచి కూర్చుంది.

మా పుట్టిల్లు మాడుగులపల్లి దిక్కు. మా నాన్న ఎడ్లబండి చక్రాలు చేసేవాడు. కట్టె చక్రం చుట్టూ వేసే ఇనుప పట్టాను చక్రం కొలత కంటే బొటనవేలంత తక్కువ పెట్టి అతికేవాడు. పిడకల మంటలో ఎర్రగా కాలిస్తే అది సాగుతుంది. సాగినప్పుడు చక్రానికి తొడిగి నీళ్లు గుమ్మరిస్తే బుస్సుమని బిగుసుకుంటుంది. సమానంగా చేసిన పట్టా ఆరు నెలల్లో ఊడిపోతుందనీ, తక్కువ చేసిన పట్టా బండి ఆసామి కంటే ఎక్కువ కాలం బతుకుతుందనీ చెప్పేవాడు. చిన్నప్పుడు ఆ నీళ్లు పోసిన చెయ్యి ఇదే. చక్రం సంగతి నాకు తెలియదా?

"పదహారుకు పదహారు తెస్తే వదులైతది. ఒక్క అంగుళం తక్కువ తీసుకో, పట్టుకుంటది" అన్నాను.

"ఇది రబ్బరు గదనే."

"రబ్బరైతే ఇంకా మంచిదాయె. ఇనుమే సాగంగ లేనిది రబ్బరు సాగదా?"

ఆయన "అదీ నిజమే" అని తల ఊపాడు. అప్పుడే గిచ్చాల్సింది. గిచ్చలేదు.

టైర్ల దుకాణంలో ఉన్నది ఒక పెద్దాయన. ముక్కు చివర కళ్లద్దాలు, చేతిలో చాయ్ గ్లాసు. జీపు ఎక్కడ తిరుగుతుందని అడిగాడు. సున్నపురాయి గనిలో అని చెప్పాం.

"అట్లయితే వెడల్పు టైరు పట్టుకపో. సన్నది సున్నపు బురదల కత్తి లెక్క దిగుతది. పెద్ద పెద్ద పళ్లున్న టైరు ఇస్త. రిమ్మెంత?"

మా ఆయన నన్ను చూశాడు. నేను కొంగు సర్దుకుని "పదిహేను" అన్నాను.

"పాత జీపంటున్నరు గదమ్మా. పాతవాటికి పదహారుంటయ్."

"మాది పదిహేనే."

ఆ గొంతు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, బడిలో పంతులమ్మ గొంతులా వచ్చింది. ఆ పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని లోపలి పనివాణ్ని కేకేశాడు. నాలుగు టైర్లు, నాలుగు ట్యూబులు బయట పెట్టించాడు.

ఇంటికి తెస్తే మా అత్త టైర్లను వాకిట్లో వరసగా పడుకోబెట్టి, ఒక్కోదానికి పసుపు రాసి, అయిదేసి కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. కొత్త కోడళ్లు నలుగురు వచ్చినట్టు ఉంది వాకిలి.

శనివారం పొద్దున్నే పంక్చర్ షాపతను సామాన్లు పట్టుకుని ఇంటికి వచ్చాడు. జీపును రాళ్ల మీద నిలబెట్టి పాత చక్రాలు ఊడదీశాడు. రెండు పాత టైర్లు తుప్పుతో రిమ్ములకు కరుచుకుపోతే వాటిని కోసి తీశాడు. అప్పుడు కొత్త టైరు చేతిలోకి తీసుకుని పసుపు తుడిచి చదివాడు.

"అక్కా, దీని మీద పదిహేను ఉన్నది."

"ఉంటది. అట్లనే తెచ్చినం" అని పట్టా సంగతి మొత్తం చెప్పాను.

"ఎక్కదక్కా. ఇరవై ఏండ్ల సంది టైర్లు ఎక్కిస్తున్న."

"మా నాన్న నలభై ఏండ్లు ఎక్కించిండు."

ఇరవై కంటే నలభై పెద్దది కదా, పాపం అతను తల వంచుకుని పనిలోకి దిగాడు. సబ్బు నీళ్లు రాశాడు. ఇనుప పట్టెలు దూర్చాడు. మా ఆయన గడ్డపార తెచ్చాడు. ఒకరు తొక్కుతుంటే ఒకరు ఎత్తారు. ఒక పక్క లోపలికి పోతే రెండో పక్క బయటికి ఎగిరింది. ఒక టైరు కాదని రెండో టైరు పట్టారు. అదీ అంతే. లావు చేతికి చిన్న గాజు ఎక్కించినట్టు రిమ్ము పైనే కూర్చుంది గానీ లోపలికి దిగలేదు.

నేను ఊరుకున్నానా? వేడి చేయకపోతే పట్టా ఎట్లా సాగుతుంది? లోపలికి పోయి కాగెడు నీళ్లు మరగబెట్టి తెచ్చి టైరు మీద గుమ్మరించడం మొదలుపెట్టాను. మా అత్త గడపలో కూర్చుని చూస్తోంది.

"టైరుకు తానం పోస్తున్నవా పిల్లా? వీపు రుద్దమంటవా?"

"జర ఆగు అత్తా, సాగుతది."

"సాగుతది, సాగుతది. మంగళవారం దాకా సాగుతది. వానికి లోడుకు సద్ది కట్టి పెట్టన్నా మరి?"

ఆ మాటతో అందరం ఆగిపోయాం. జీపు నాలుగు రాళ్ల మీద మోకాళ్లు లేని మనిషిలా నిలబడి ఉంది. పాత టైర్లు కోసేశాం, కొత్తవి ఎక్కవు. మా ఆయన వెళ్లి ఒక టైరు మీద కూర్చుని నన్నే చూశాడు. తిడతాడేమోనని కాగు గట్టిగా పట్టుకున్నాను.

"మీ నాయిన నలభై ఏండ్లు ఎక్కించిండా?" అన్నాడు.

"ఎక్కించిండు."

"రబ్బరువా?"

ముందు పంక్చర్ షాపతను కిసుక్కుమన్నాడు. తర్వాత మా ఆయన. తర్వాత నేను. నవ్వి నవ్వి నేను తడి వాకిట్లోనే కూలబడ్డాను. నాకు నవ్వూ ఏడుపూ ఒకే తలుపు నుంచి వస్తాయి. ఆయన లేచి నా చెయ్యి పట్టి లేపి "లే, సూర్యాపేట పోదాం. దుకాణపాయనకు నువ్వే చెప్పాలె" అన్నాడు.

నాలుగు టైర్లూ బస్సు పైకి ఎక్కిస్తుంటే కండక్టరు కిందికి దిగి టైర్లనూ, మా ఆయన ఖాకీ చొక్కానూ చూశాడు. "టైర్లు నాలుగున్నయ్, డ్రైవరున్నడు. ఇగ ఇంజనొక్కటి కొనుక్కుంటే మీరే పోవచ్చు గద, నా బస్సెందుకు?" అన్నాడు. బస్సంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఆ రోజు మమ్మల్ని చూసి నవ్వనివాళ్లే లేరు.

దుకాణంలో పెద్దాయన కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. "నిన్న నా మొకం మీదనే చెప్పినవ్ గదమ్మా, మాది పదిహేనే అని."

"తెల్వక చెప్పలేదయ్యా. పదహారని తెలిసే పదిహేను చెప్పిన" అని బండి పట్టా కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, రెండు చేతులతో బల్ల పట్టుకుని నవ్వాడు. తర్వాత టైర్లు తిప్పి తిప్పి చూశాడు.

"పసుపు కడిగితే పోతది. ఈ గడ్డపార గీతలు ఎట్ల పోతయ్? వాపస్ తీసుకోలేను తల్లీ. టైరుకేం కాలేదు, ట్యూబు ఏస్తే మంచిగ నడుస్తది. ఒక పని చెయ్యున్రి. టైరును మార్చుడు కాదు, రిమ్ములు మార్చున్రి. పదిహేను రిమ్ములు నాలుగు తెచ్చుకోన్రి."

"రిమ్ము చిన్నదైతే జీపు కిందికి దిగదా?" అని అడిగాడు మా ఆయన.

అప్పుడా పెద్దాయన టైరు పక్కన రాసి ఉన్న అంకెల మీద వేలు పెట్టి చూపించాడు. రెండు వందల ముప్పై అయిదు అంటే టైరు వెడల్పు. పక్కన డెబ్బై అయిదు అంటే, ఆ వెడల్పు నూరు పాళ్లనుకుంటే అందులో డెబ్బై అయిదు పాళ్లు టైరు గోడ ఎత్తు. చివరి పదిహేను రిమ్ముది. మా పాత టైరు సన్నది, గోడ పొట్టిది, రిమ్ము పెద్దది. ఇది వెడల్పుది, గోడ పొడుగుది, రిమ్ము చిన్నది. నేల నుంచి పై దాకా కొలిస్తే రెండూ ఇంచుమించు ఒకటే ఎత్తు.

"అంటే గారె అంతే ఉన్నది, నడుమ చిల్లు చిన్నగైంది, పిండి ఎక్కువైంది" అన్నాను.

ఆ పెద్దాయన బల్ల మీద ఒక్కటి చరిచి, "ముప్పై ఏండ్ల సంది ఇది జనాలకు ఎట్ల చెప్పాల్నో తెల్వక చస్తున్న" అన్నాడు. మేం టైర్లు మళ్లీ ఎత్తుకుని వచ్చేటప్పుడు మాత్రం నవ్వకుండా ఒక మాట చెప్పాడు. "నాలుగూ ఒక్క తీరుగనే ఉండాలె. మూడు పదిహేనులు, ఒకటి పదహారు ఏసిన్రనుకో, ఆ కొంచెం ఎత్తు తేడాకే ఫోర్ వీల్ గేరు ఏసినంక ఒక చక్రం ముందుకు గుంజుతది, ఒకటి వెనకకు గుంజుతది. లోపల పళ్లు ఇరుగుతయ్."

ఆదివారం పొద్దున బోల్టు రంధ్రాలు సరిచూడటానికి ఒక పాత రిమ్ము మోసుకుని కోదాడ పోయాం. పాత బండ్ల సామాను అమ్మే ఆయన కొట్టు వెనక ఇనుము కొండలా పడి ఉంది. ఆయన మాట కొంచెం అవతలి జిల్లాల దిక్కుకు వంగి ఉంటుంది. మా రిమ్మును ఒక్కోదాని మీద బోర్లించి చూశాడు. నాలుగు రంధ్రాలవి, ఆరు రంధ్రాలవి, అయిదే ఉన్నా ఎడం తేడా ఉన్నవి. చివరికి మూడు సరిపోయాయి.

"నాలుగోది?" అన్నాను.

"నాలుగొచ్చాయమ్మా. ఒకటి పోయిన నెల మిర్యాలగూడ రైస్ మిల్లోళ్లు పట్టుకెళ్లారు."

"మిల్లుకు జీపున్నదా?"

"జీపు కాదమ్మా, గంట. వేలాడదీసి కొడతారు."

మా ఆయన, నేను మొహాలు చూసుకున్నాం. మూడు రిమ్ములు కొట్లోనే ఉంచి, పాత పదహారు రిమ్ము పట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కాం. అది ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను, పసిబిడ్డను పట్టుకున్నట్టు.

మిల్లు గేటు దగ్గరే, ఇనుప దూలానికి గొలుసుతో వేలాడుతోంది మా నాలుగో రిమ్ము. సీజను కాబట్టి ఆదివారమైనా మిల్లు నడుస్తోంది. గేటు మేస్త్రీకి సంగతి చెప్పి, ఇది తీసుకుని అది ఇవ్వమని బతిమాలాం. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"ఇచ్చుడు పెద్ద పని కాదు. కానీ మీ రిమ్ము మోగాలె. వెనక గోదాముల హమాలీలకు ఇనబడాలె."

"మోగించి సూడు" అన్నాడు మా ఆయన, రిమ్మును పైకెత్తి పట్టుకుని.

మేస్త్రీ కడ్డీ తీసుకుని మా రిమ్ము మీద ఒక్కటి వేశాడు. తక్కువగా ఉందన్నాడు. ఇంకొకటి వేశాడు. పోల్చి చూడటానికి పాతదాని మీద రెండు వేశాడు. మళ్లీ మాదాని మీద మూడు. ఇంతలో గోదాము తలుపు నుంచి హమాలీలు ఒక్కొక్కరే రావడం మొదలైంది. తలగుడ్డలు విప్పుకుంటూ, టిఫిన్ డబ్బాలు పట్టుకుని, ముప్పై మంది దాకా వచ్చి చెట్టు కింద వరసగా కూర్చున్నారు.

"అరే, అన్నం గంట కాదురా, ఇంకా పదకొండున్నరనే" అని మేస్త్రీ నెత్తి పట్టుకున్నాడు.

"గంట కొట్టినంక గంటే గద మేస్త్రీ" అని ఒక ముసలాయన అప్పటికే మూత తీశాడు. "ఏ రిమ్ము కొట్టినవో మాకెందుకు?"

"చూసినవా, ఇనబడ్డది గద" అన్నాను నేను.

మేస్త్రీ కడ్డీ కింద పడేశాడు. గొలుసు విప్పి రిమ్ము ఇచ్చాడు. కానీ నాకు అనుమానం, రోజూ దెబ్బలు తిన్నది వంకర పోయి ఉంటే? వడ్లు ఆరబోసే గచ్చు మీద దాన్ని నిలబెట్టి ఒక్క తోపు తోశాను. వంకర ఉన్న చక్రం పక్కకు పోతుంది, సరిగా ఉన్నది గీత గీసినట్టు పోతుంది. అది గచ్చు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎటూ వంగకుండా దొర్లుకుంటూ పోతుంటే, నేను చెప్పులు వదిలి దాని వెంట ఉరికాను. హమాలీలు అన్నాలు తింటూనే ఈలలు వేశారు. ఇద్దరు పిల్లల తల్లిని, రైస్ మిల్లులో రిమ్ము వెంట ఉరుకుతున్నాను, నాకేమాత్రం సిగ్గు లేదు.

కోదాడ కొట్లో ఉంచిన మూడు రిమ్ములూ తీసుకుని పొద్దు వాలకముందే ఇంటికి చేరాం. పంక్చర్ షాపతను రిమ్ము మీది చిన్న సొట్టను సుత్తితో సరిచేసి, టైరు పెట్టాడు. రెండు తోపులకు దిగింది. మిగతా మూడూ అట్లాగే. నావైపు చూసి "నీళ్లు మరగబెట్టమంటవా అక్కా?" అన్నాడు. నేను అతనికి చాయ్ మరగబెట్టాను.

సోమవారం గని దగ్గరికి మా అత్త కూడా బయలుదేరింది. వద్దంటే వినలేదు. అక్కడ చూస్తే డ్రిల్లింగ్ వాళ్లు ఆరుగురే ఉన్నారు, మిగతావాళ్లు పనిలో ఉన్నారు. ఎనిమిది మంది బరువు కావాలని ఆఫీసరు అటూ ఇటూ చూస్తుంటే, మా అత్త చీర కుచ్చెళ్లు పట్టుకుని జీపు ఎక్కి కూర్చుంది.

"నన్ను లెక్కపెట్టుకో సారూ. నేను ఒకటిన్నర ఉంట."

ఎనిమిదో మనిషిగా నేను ఎక్కాను.

వాలు దిగడం ఏమో గానీ, ఎక్కడం చూడాలి. కింద మలుపులో రాత్రి కురిసిన వానకు సున్నపు బురద పెరుగులా నిలిచి ఉంది. అందులోకి పోగానే వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, జీపు మాత్రం కదల్లేదు. నేను కళ్లు మూసుకున్నాను. మంగళవారం లారీ నా కళ్ల ముందు నిలబడింది. మా ఆయన తొందరపడలేదు. ఆగి, నాలుగు చక్రాలనూ లాగించే ఆ చిన్న గేరు రాడ్డు వెనక్కి లాగి, మెల్లగా క్లచ్చు వదిలాడు. ముందు చక్రాలు బురదను పట్టుకున్నాయి. టైరు పళ్లు కరిచిన చప్పుడు నాకు వినిపించింది. మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పినా టైరు జీపు రేకుకు ఎక్కడా రాసుకోలేదు. జీపు మూలుగుతూ, ఊగుతూ, మమ్మల్నందరినీ ఒకరి మీద ఒకరిని పడేస్తూ పైకి వచ్చింది. మా అత్త డ్రిల్లింగ్ అబ్బాయి ఒకడి చొక్కా పట్టుకుని ఉంది. పైకి వచ్చాక కూడా వదల్లేదు.

ఆఫీసరు వంగి టైరు మీది అంకెలు చదివాడు. "ఈ సైజు ఎవరు చెప్పిన్రు? మొన్న వచ్చిన జీపుకు ఇంకా పెద్దవి ఏసుకొచ్చిన్రు, మలుపుల రాసుకొని ఆగిపోయింది."

మా ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. "మా ఆమె సార్. వాళ్లది చక్రాల ఇల్లు."

"మంచి లెక్క" అన్నాడు ఆఫీసరు.

"ఏం లెక్క సారూ, టైరుకు తానం పోసి..." అని మా అత్త మొదలుపెట్టేసరికి మా ఆయన ఇంజను గట్టిగా రేజు చేశాడు. పని ఈ రోజు నుంచేనని ఆఫీసరు చెప్పిన మాట ఆ చప్పుడులోనే విన్నాం.

ఆ సాయంత్రం దీపం ముట్టిస్తుంటే జీపు వాకిట్లో ఆగింది. "గింత జల్ది ఒచ్చినవేందిరా, ఇంకా బియ్యం గూడ కడగలే" అని మా అత్త కొడుకును తిట్టింది. మాకెవరికీ అలవాటు లేదు మరి, సాయంత్రం పూట ఇంట్లో ఆయన ఉండటం. ఎక్కడ కూర్చోవాలో ఆయనకూ తెలియలేదు. కాసేపు మంచం మీద, కాసేపు గడపలో కూర్చుని, చివరికి పొయ్యి పక్కకు వచ్చి నా చేతిలోని గోరుచిక్కుడు తీసుకుని తుంచడం మొదలుపెట్టాడు. కొన్ని మరీ పొడుగ్గా, కొన్ని మరీ పొట్టిగా తుంచాడు. నేను అట్లాగే వండాను.

ఇంత సేపు ఓపిగ్గా విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీవాళ్లు ఎంత దూరం పోయినా పొద్దుగూకేసరికి మీ గడప తొక్కాలి. వాళ్లు వచ్చే వేళకు మీ కుండలో ఇంకొకరికి కూడా సరిపోయేంత అన్నం ఉండాలి. మీ ఇంట్లో ఎవరైనా ధీమాగా తప్పు చెబితే, నవ్వి చెయ్యి పట్టి లేపే మనిషి పక్కనే ఉండాలి. నిండు నూరేళ్లు ఉండాలి.